పిలిచిన ప్రతి పిలుపుకీ పలకకూడదు

(స్మారకోపన్యాసం అచ్చు పాఠం)



మాస్టారు మాకు కంట్రోల్ సిస్టమ్స్ చెప్పారు. ఎవరు ఏ సర్క్యూటు గీసి తీసుకెళ్లినా, అది ఎలా పనిచేస్తుందని ఆయన అడిగేవారు కాదు. ‘‘పనిచేయకూడనప్పుడు పనిచేయకుండా దీన్ని ఏది ఆపుతోంది?’’ అని అడిగేవారు. జవాబు లేకపోతే కాగితం తిరిగి మా చేతిలో పెట్టేవారు. ఆయన పేరు మీద మాట్లాడమని స్మారక నిధి కమిటీవారు కబురు పెట్టినప్పుడు నాకు వేరే విషయం తట్టలేదు. నా ఉద్యోగమంతా ఒంట్లో అమర్చే పరికరాలతోనే గడిచింది. ఆ ప్రశ్న అక్కడ వేయాల్సినంతగా మరెక్కడా వేయనక్కర్లేదని నా నమ్మకం.

మన ఊళ్లలో ‘గుండెకు బ్యాటరీ వేశారు’ అంటాం. అది పేస్‌మేకర్. గుండె లయ తప్పి ప్రాణం మీదికొస్తే లోపలినుంచే షాకిచ్చే ఐసీడీ ఉంది. పార్కిన్సన్స్ వణుకును అదుపు చేయడానికి మెదడులోకి సన్నని తీగలు దింపి, ఛాతీ మీద చర్మం కింద బ్యాటరీ పెట్టే డీబీఎస్ ఉంది. మూర్ఛకు మెడలోని వేగస్ నరానికి చుట్టేది ఉంది. తలలో నీరు చేరిన పిల్లలకు ఆ నీటిని పొట్టలోకి మళ్లించే షంటు వాల్వు ఉంది. వెన్నులోకి మందు వదిలే పంపు ఉంది. కుట్లు వేసి ఇంటికి పంపాక కూడా ఇవి బయటివాళ్ల మాట వింటాయి. వినక తప్పదు. గుండె వేగం కాస్త పెంచాలన్నా, వాల్వు ఒత్తిడి ఒక మెట్టు దించాలన్నా మళ్లీ కోయలేం కదా.

అయితే ఎవరి మాట వినాలి? ఎవరూ ఏమీ చెప్పకుండానే విన్నానని అనుకుంటే ఏం జరుగుతుంది? ఆన్ కాకూడనప్పుడు ఆన్ కావడం, ఆఫ్ కాకూడనప్పుడు ఆఫ్ కావడం, సెట్టింగు దానంతటదే మారడం, ఈ మూడింటినీ నేను ఒకే జబ్బుగా చూస్తాను. దాన్ని నివారించే పూచీ తయారుచేసేవాళ్లదే తప్ప పేషెంటుది కాదు. డిశ్చార్జి కాగితం వెనక జాగ్రత్తల చిట్టా అచ్చేసి చేతులు దులుపుకోవడం ఈ రంగంలో చాలాకాలం నడిచింది, ఇంకా నడుస్తోంది. అది అన్యాయమని చెప్పడానికే వచ్చాను.

1958 అక్టోబరు 8న స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఆసుపత్రిలో ఓకే సెన్నింగ్ అనే సర్జను, రూనె ఎల్మ్‌క్విస్ట్ అనే ఇంజనీరు తయారుచేసిన పేస్‌మేకర్‌ను ఆర్నె లార్సన్ అనే రోగికి అమర్చారు. పూర్తిగా ఒంట్లో ఇమిడిన మొట్టమొదటి పేస్‌మేకర్ అది. కొన్ని గంటలే పనిచేసింది. లార్సన్ మాత్రం ఆ తర్వాత ఇరవైకి పైగా పరికరాలు మార్చుకుని 2001 దాకా బతికారు. ఆ తొలి యంత్రానికి చార్జింగు చర్మం మీద కాయిల్ పెట్టి బయటినుంచే ఇచ్చేవారు. అంటే చర్మం గుండా బయటి శక్తిని లోపలికి రానివ్వడం ఈ పరికరాలకు పుట్టుకతోనే వచ్చింది.

1960ల్లో అమెరికాలో వాడిన కొన్ని పేస్‌మేకర్లకు వేగం మార్చాలంటే చర్మం గుండా సూది గుచ్చి లోపలి సర్దుబాటు మరను తిప్పేవారు. మొరటు పద్ధతే. కానీ ఇందులో ఒక గొప్ప గుణం ఉంది: పొరపాటున ఎవరూ ఎవరికీ సూది గుచ్చి మర తిప్పరు. 1970ల తొలినాళ్లలో సూది పోయి, అయస్కాంత క్షేత్రపు పల్సులతో సెట్టింగు మార్చే మోడళ్లు వచ్చాయి. ఒంటికి బాధ తప్పింది. దానితోపాటే ‘ఇది కావాలని చేసిందే’ అని చెప్పే రుజువూ పోయింది. ఆపరేషన్ థియేటర్లో కణజాలాన్ని కాల్చి రక్తం ఆపే కాటరీ నుంచి వచ్చే విద్యుత్ గందరగోళాన్ని ఆదేశమనుకుని పేస్‌మేకర్ సెట్టింగు మారిపోయిన ఉదంతాలు 1980ల వైద్య పత్రికల్లో కనిపిస్తాయి. పోయిన ఆ రుజువును వేరే రూపంలో తిరిగి తెచ్చుకోవడానికే ఇంజనీర్లు అప్పటినుంచీ తంటాలు పడుతున్నారు.

ఇక అయస్కాంతం దగ్గర కాసేపు ఆగుతాను, అసలు కథంతా అక్కడే ఉంది కాబట్టి.

పాత పేస్‌మేకరు విప్పి చూస్తే అందులో వడ్లగింజకన్నా కాస్త పొడుగున్న ఒక గాజు గొట్టం కనిపిస్తుంది. లోపల ఇనుము, నికెల్ కలిసిన రెండు పల్చటి రేకులు ఎదురెదురుగా, తాకీ తాకనట్టు ఉంటాయి. అయస్కాంతం దగ్గరికొస్తే రెండూ అతుక్కుంటాయి, దూరమైతే విడిపోతాయి. దాన్ని రీడ్ స్విచ్ అంటారు. ఈమధ్య మోడళ్లలో దాని స్థానంలో అయస్కాంతాన్ని పసిగట్టే చిప్పులు వచ్చాయి, పని మాత్రం అదే. ఛాతీ మీద అయస్కాంతం పెడితే పేస్‌మేకర్లు చాలావరకు గుండె సొంత లయను పట్టించుకోవడం మానేసి, ఒకే వేగంతో కొట్టుకుంటూ పోతాయి. ఐసీడీ అయితే షాకివ్వడం ఆపేస్తుంది. అయస్కాంతం తీయగానే మామూలు స్థితికి వస్తాయి. కొన్ని పాత ఐసీడీల్లో మాత్రం అయస్కాంతాన్ని అరనిమిషం ఉంచితే, తీసేశాక కూడా షాక్ ఆగిపోయే ఉండేది. నా దృష్టిలో అది తప్పుడు డిజైన్. చెయ్యి తీసేస్తే మునుపటి స్థితికి రావడమే భద్రత.

ఈ స్విచ్ ఎంత తేలిగ్గా కదలాలి? అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 10 గాస్ వరకు ఉన్న స్థిర అయస్కాంత క్షేత్రంలో పరికరం చలించకూడదు. భూమి అయస్కాంతత్వం సుమారు అర గాస్. కాబట్టి నడుస్తూ తిరుగుతూ ఉన్నంతసేపూ భయం లేదు. కానీ చిన్న అయస్కాంతమైనా చర్మానికి ఆనితే 10 గాస్ దాటడం కష్టమేమీ కాదు. 2021 జనవరిలో అమెరికాలోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రి వైద్యులు ఒక చిన్న ప్రయోగం ప్రచురించారు. అంతకు కొన్ని నెలల ముందే మార్కెట్లోకి వచ్చిన ఐఫోన్ 12ను ఐసీడీ ఉన్న ఒక వ్యక్తి ఛాతీ మీద పెట్టారు. ఐసీడీ వెంటనే షాక్ చికిత్సను ఆపేసింది, ఫోను అక్కడ ఉన్నంతసేపూ ఆపే ఉంచింది. ఆ ఫోను వెనక చార్జర్ అతుక్కోవడానికి వలయంగా అమర్చిన అయస్కాంతాలే కారణం. అదే ఏడాది మే నెలలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇలాంటి ఫోన్లను, వాచీలను పరికరానికి ఆరు అంగుళాల దూరంలో ఉంచుకోమని, చొక్కా పైజేబులో పెట్టుకోవద్దని చెప్పింది. సాధారణంగా ఐసీడీ పెట్టేది ఎడమవైపు, కాలరు ఎముక కింద. మన చొక్కా జేబూ ఎడమవైపే, దానికి కాస్త కింద.

ఇంత ప్రమాదమైతే అయస్కాంతం మాట విననే వినకుండా చేయవచ్చు కదా అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. జవాబు ఒక అర్ధరాత్రి క్యాజువాల్టీలో ఉంది. ఐసీడీ ఉన్న మనిషికి లోపలి తీగ ఎక్కడో చిట్లింది. ఆ గందరగోళాన్ని గుండె లయగా పొరబడి, స్పృహలో ఉన్న మనిషికి ఐసీడీ షాక్ మీద షాక్ ఇస్తోంది. అది ఏ కంపెనీదో డ్యూటీ డాక్టరుకు తెలియదు, సెట్టింగులు మార్చే ఆ కంపెనీ ప్రోగ్రామర్ మెషీన్ ఆ ఊళ్లోనే లేదు. ఉన్నదల్లా డ్రాయర్లో గుండ్రటి అయస్కాంతం ఒకటి. ఛాతీ మీద పెట్టి ప్లాస్టరు అంటిస్తే షాకులు ఆగుతాయి. పాస్‌వర్డు అడగని, భాష అడగని, కంపెనీ పేరు అడగని ఆదేశం అదొక్కటే. దాన్ని తీసేస్తే ఆ మనిషిని కాపాడేవాళ్లుండరు. ఎవరైనా తెరవగలిగితేనే ఆపదలో అక్కరకొస్తుంది, ఎవరైనా తెరవగలిగితేనే పొరపాటు జరుగుతుంది. ఈ రెంటినీ ఒకేసారి తీర్చగల తాళం ఇంకా ఎవరూ చేయలేదు. కానీ దగ్గరగా వచ్చిన పనితనం కొంత ఉంది. రెండు ఉదాహరణలు చెబుతాను.

మూర్ఛకు వాడే వేగస్ నరాల స్టిమ్యులేటరుకు 1997లో అమెరికాలో అనుమతి వచ్చింది. దానితోపాటు రోగికి చేతికి కట్టుకునే అయస్కాంతం ఒకటిస్తారు. ఫిట్స్ వచ్చేలా ఉందని తెలియగానే దాన్ని ఛాతీ మీద ఒక్కసారి అలా జరిపి తీస్తే పరికరం అదనంగా ఒక విడత ఉద్దీపన ఇస్తుంది. అదే అయస్కాంతాన్ని తీయకుండా అక్కడే ఉంచితే పరికరం ఆగిపోతుంది. ఒకే వస్తువుతో ఆన్, ఆఫ్ రెండూ. తేడా చేతి కదలికలో ఉంది, సమయంలో ఉంది. ఈ వైరుధ్యం ఎందుకు పెట్టారో ఆలోచించండి. పరికరం మొరాయించి అదేపనిగా ఉద్దీపన ఇస్తోందనుకోండి, కంగారులో మనిషి చేసే పని అయస్కాంతాన్ని గట్టిగా అదిమి పట్టుకోవడం. కంగారులో చేసే పనికి ‘ఆపు’ అనే అర్థం ఇచ్చారు. పొరపాటు జరిగినా అది మేలు వైపు ఒరిగేలా కట్టడమంటే ఇదే.

రెండోది నాకు ఈ రంగంలో అన్నిటికన్నా ముచ్చటైన వస్తువు. తలలో నీటికి వేసే షంటు వాల్వుల్లో ఒత్తిడిని అయస్కాంతంతోనే మారుస్తారు. చిన్న రోటరు ఒకటి మెట్టు మెట్టుగా తిరుగుతుంది. తొలితరం వాల్వులు ఎమ్మారై తీసినా తిరిగేవి, పిల్లల అయస్కాంతపు బొమ్మలు దగ్గరికొచ్చినా తిరిగేవి. ఒత్తిడి మారితే తలనొప్పి, వాంతులు, మగత. ఏడుస్తున్న పసివాడికి అది బొమ్మ వల్ల వచ్చిందని ఏ తల్లికి తడుతుంది? ఫ్రాన్స్‌కు చెందిన సోఫీసా కంపెనీ పొలారిస్ అనే వాల్వులో దీనికో ఉపాయం కనిపెట్టింది. రోటరులో రెండు చిన్న అయస్కాంతాలను ఎదురెదురుగా ఉంచారు. అవి ఒకదాన్నొకటి లోపలికి లాక్కుంటాయి. ఆ లాగుడుతోనే రోటరు గాడిలో బిగిసి ఉంటుంది. తాళం తీయాలంటే రెంటినీ ఒకేసారి ఎదురు దిక్కులకు, బయటికి లాగాలి. బొమ్మ అయస్కాంతమైనా, ఎమ్మారై యంత్రమైనా తన బలాన్ని ఒక దిక్కుకే చూపగలదు. ఒకదాన్ని బయటికి లాగితే రెండోదాన్ని లోపలికే నెడుతుంది. కాబట్టి అలాంటి క్షేత్రంలో తాళం ఊడదు, దానికోసమే చేసిన ఉపకరణాన్ని సరిగ్గా వాల్వు మీద పెడితే తప్ప. జర్మనీవాళ్ల ప్రోగావ్ వాల్వులో రోటరుకు బ్రేకు ఉంటుంది. డాక్టరు వేలితోనో పరికరంతోనో చర్మం మీదనుంచి నొక్కితేనే అది వదులవుతుంది.

ఈ రెండు వాల్వుల్లోనూ పాస్‌వర్డు లేదు, సాఫ్ట్‌వేరు లేదు, అసలు బ్యాటరీయే లేదు. లోకంలో దానంతటదిగా ఎదురుపడే బలం ఏదో తెలుసుకుని, అలా ఎదురుపడని బలానికే లొంగేలా చేశారు. రేపు ఇలాంటి పరికరాలు తయారుచేయబోయే పిల్లలకు నేను చెప్పగల పాఠం ఇంతకుమించి లేదు.

డీబీఎస్ విషయానికి వస్తాను. తొలితరం డీబీఎస్ బ్యాటరీల్లో రీడ్ స్విచ్ ఉండేది. రోగి తనకిచ్చిన అయస్కాంతంతో తానే ఆన్, ఆఫ్ చేసుకునేవాడు. దుకాణాల్లో దొంగతనం పట్టే గేట్లు, లౌడ్ స్పీకర్లు, ఫ్రిజ్ తలుపుల్లోని అయస్కాంతాలు వాటిని తెలియకుండా ఆపేసిన సందర్భాలు పత్రికలకెక్కాయి. అలాంటిదే ఒకటి ఒక న్యూరాలజీ ఓపీలో నా కళ్లతో చూశాను. వయసు మళ్లిన రైతు, వెంట కొడుకు. ‘‘వారం నుంచి నాన్నకి మళ్లీ వణుకు మొదలైంది సార్. మా ఊరి దగ్గర చూపిస్తే జబ్బు ముదిరిందని మాత్రలు పెంచారు. అవి వేసుకుంటే కళ్లు తిరుగుతున్నాయి, అన్నం సయించట్లేదు’’ అన్నాడు కొడుకు. పెద్దాయన కుడిచెయ్యి బల్ల మీద పెడితే బల్ల మీదున్న కాగితాలు కదులుతున్నాయి. టెక్నీషియన్ ప్రోగ్రామర్ తలకాయను చొక్కా మీదనుంచి బ్యాటరీ దగ్గర ఆనించాడు. తెరమీద ‘ఆఫ్’ అని ఉంది. ఆన్ చేశాడు. కాసేపటికి చెయ్యి నెమ్మదించింది, తర్వాత నిలిచిపోయింది. గ్లాసుతో నీళ్లిస్తే ఒలకకుండా తాగాడు. ఈ వారంలో ఎక్కడికైనా వెళ్లారా అని డాక్టరుగారు అడిగితే, ‘‘మేనకోడలి పెళ్లి సార్. డ్యాన్సులు బాగా కనపడతాయని సౌండు బాక్సు పక్కనే కుర్చీ వేశాం’’ అన్నాడు కొడుకు, తనేదో నేరం చేసినట్టు. ఆ సౌండు బాక్సే కారణమని నిరూపించే దారి లేదు. ఆ కుర్రాడి ముఖం మాత్రం నేను మరిచిపోలేదు. నేరం చేసింది అతను కాదు. ఆఫ్ అయిన యంత్రం ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా ఊరుకుంది చూడండి, నేరం అక్కడుంది. ఆఫ్ అయితే వణికిపోయేది మనిషి కాబట్టి కనీసం ఒక బీపు, ఒక చిన్న ప్రకంపన ఇవ్వాలి కదా. తర్వాతి తరాల్లో అయస్కాంతపు స్విచ్‌ను నిలిపేసే వీలు వచ్చింది, రోగి చేతికి రిమోట్ వచ్చింది. రిమోట్ చర్మం దగ్గర పెట్టి చూస్తే ఆన్‌లో ఉందో లేదో తెలుస్తుంది. ఈ మార్పు రావడానికి ఎన్ని వణికే చేతులు కారణమో లెక్క లేదు.

ఆఫ్ చేసి ఉంటే చాలు, ప్రమాదం లేదనుకోవడమూ పొరపాటే. మన పట్నాల్లో నడుంనొప్పికి, మోకాలినొప్పికి ఫిజియోథెరపీ సెంటరుకెళ్లి ‘కరెంటు పెట్టించుకోవడం’ మామూలు. అందులో షార్ట్‌వేవ్ డయాథెర్మీ ఒకటి. అది రేడియో తరంగాలతో లోపలి కండరాన్ని వేడెక్కిస్తుంది. 2001లో అమెరికా న్యూరాలజీ పత్రిక ఒక ఉదంతం ప్రచురించింది. డీబీఎస్ ఉన్న ఒక రోగికి పన్ను పీకించుకున్నాక దవడనొప్పికి డయాథెర్మీ ఇచ్చారు. ఒంట్లోని తీగ ఆ రేడియో శక్తిని పట్టుకుని, మెదడులోని కొస దగ్గర వేడిగా వదిలింది. మెదడు కోలుకోలేనంతగా దెబ్బతింది. మరణాలూ నమోదయ్యాయి. 2002లో ఎఫ్‌డీఏ హెచ్చరిక చేసింది. పరికరం ఆఫ్‌లో ఉన్నా, బ్యాటరీ తీసేసి తీగ మాత్రమే మిగిలినా, ఒంట్లో ఏ చోటైనా డయాథెర్మీ పనికిరాదని. ఇక్కడ యంత్రం ఆన్ కానేలేదు. తీగే యాంటెన్నా అయింది. మోకాలికి కదా ఇచ్చేది, ఛాతీకి సంబంధమేమిటనుకునే చోట ఈ మాట పదేపదే చెప్పాలి.

రేడియో ఆదేశాల గురించి కొద్దిగా. పరికరాలు మాట్లాడుకోవడానికి 402 నుంచి 405 మెగాహెర్ట్జ్ వరకు ఒక పట్టీని కేటాయించారు. పంపే శక్తి 25 మైక్రోవాట్లకు మించకూడదు. బయటినుంచి వచ్చే సంకేతం ముందు పరికరాన్ని నిద్ర లేపాలి, తర్వాత ఆ పరికరం సీరియల్ నంబరు చెప్పాలి, చివర్న తప్పుల్ని పట్టే సరిచూపు సంఖ్య సరిపోవాలి. ఆ సంఖ్య 16 బిట్లదైతే, అర్థంలేని రొద కేవలం అదృష్టవశాత్తూ దాన్ని దాటే అవకాశం 65,536లో ఒకటి. దానికి సీరియల్ నంబరు కూడా కలవాలి. అందుకని ఉత్త రొదను చూసి ఇవాళ్టి పరికరం ఆదేశమనుకోవడం దాదాపు జరగదు. ఇప్పటి చిక్కు వేరు. సరైన ఆదేశమే, సరైన భాషలోనే, ఇవ్వకూడని చేతినుంచో ఇవ్వకూడని వేళలోనో వస్తే?

పొలాల్లో మోటార్లకు మొబైల్ స్టార్టర్లు వచ్చిన కొత్తలో ఏం జరిగేదో మీలో రైతుబిడ్డలకు తెలిసే ఉంటుంది. ఆ సిమ్‌కు ఎవరు కాల్ చేసినా మోటారు తిరిగేది. రాంగ్ నంబరుకు కూడా. బావి దగ్గర ఎవరో రిపేరు చేస్తున్నారన్నది దానికి తెలియదు. తర్వాత రిజిస్టరైన నంబరుకే పలికేలా మార్చారు. 2008లో వాషింగ్టన్, మసాచుసెట్స్ విశ్వవిద్యాలయాలు, హార్వర్డ్ పరిశోధకులు కలిసి అప్పటికి వాడుకలో ఉన్న ఒక ఐసీడీ సరిగ్గా ఆ స్థితిలోనే ఉందని ప్రయోగశాలలో చూపించారు. కెవిన్ ఫూ, తదయోషి కోనో, విలియం మైసెల్ ఆ బృందంలో ముఖ్యులు. కంపెనీ ప్రోగ్రామర్ పంపే సంకేతాన్ని రికార్డు చేసి తిరిగి వినిపిస్తే చాలు, ఐసీడీ షాక్ ఇచ్చింది. అడిగింది ఎవరని అది చూసుకోలేదు. వాళ్లే ఒక మందూ సూచించారు. బయటినుంచి రేడియో పలకరింపు రాగానే, ఆ రేడియో శక్తితోనే, లోపలి బ్యాటరీని ముట్టుకోకుండా బీపు కొట్టే చిన్న చిప్పు. నీతో ఎవరో మాట్లాడుతున్నారని మనిషికి తెలియాలన్నది దాని వెనకున్న ఆలోచన.

2011లో శ్యామ్‌నాథ్ గొల్లకోట, దీనా కతాబీ, ఫూ తదితరులు మరో దారి చూపారు. మెడలో హారంలా వేసుకునే కవచం. అది ఉన్నంతసేపూ బయటి సంకేతాల్ని చెరిపేసి, అనుమతి ఉన్నవాటినే లోపలికి పంపుతుంది. మనిషి స్పృహ తప్పి పడిపోతే డాక్టరు ఆ కవచం తీసి పక్కన పెడితే చాలు, పరికరం మామూలుగా పలుకుతుంది. ఇందాక చెప్పిన క్యాజువాల్టీ చిక్కుకు ఇంత సున్నితమైన జవాబు నేను మరొకటి చూడలేదు. మార్కెట్లోకి మాత్రం ఇది రాలేదు.

దగ్గరితనాన్నే రుజువుగా తీసుకోవడం ఇప్పుడు బలపడుతున్న పద్ధతి. రాబర్ట్ లాంగర్ ఎంఐటీ పరిశోధనలోంచి పుట్టిన మైక్రోచిప్స్ కంపెనీ, ఎముకల బలహీనతకు వాడే మందును చర్మం కింది చిప్పులోంచి రేడియో ఆదేశంతో వదిలే ప్రయోగ ఫలితాలను 2012లో ప్రచురించింది. సన్నని లోహపు పొరను కరెంటు కరిగిస్తే అరలోని మందు బయటికొస్తుంది. ఒకసారి కరిగిన పొర మళ్లీ మూసుకోదు. 2014లో అదే కంపెనీ పదహారేళ్లు పనిచేసే గర్భనిరోధక చిప్పును ప్రకటించింది. రిమోట్‌తో ఆపుకోవచ్చు, మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. గదికి అవతల ఉన్నవాళ్లెవరో స్త్రీ ఒంట్లోని మందును ఆన్ చేస్తే? అందుకే చర్మానికి తాకించేంత దగ్గరగా రిమోట్ పెడితేనే పలికేలా, ఆపైన సంకేతాన్ని గుప్తంగా మార్చేలా చేస్తామన్నారు. సరైన నిర్ణయం. ఆమె ఒంటిని తాకేంత దగ్గరికి రాగలిగినవాళ్లే ఆదేశమివ్వగలగాలి. ఆ తాకే చెయ్యి కూడా ఆమె ఇష్టంతో వచ్చిందేనా అన్నది ఇంజనీరు తేల్చగల ప్రశ్న కాదు. దానికి రిమోట్ ఆమె దగ్గరే ఉండాలి.

ఇవన్నీ దాటి తప్పుడు ఆదేశం లోపలికి చేరిందే అనుకోండి. అప్పుడు లోపల ఒక హద్దు ఉండాలి. మంచి పేస్‌మేకర్లో ప్రాసెసరుతో సంబంధం లేని ప్రత్యేక సర్క్యూటు ఒకటుంటుంది. సాఫ్ట్‌వేరు ఏం చెప్పినా సరే, ఇంత వేగం దాటి కొట్టనివ్వదు. మందు పంపులో గంటకింత, రోజుకింత అన్న గరిష్ఠం పంపులోనే ఉండాలి తప్ప రిమోట్‌లో కాదు. హద్దును అడిగేవాడి చేతిలో పెడితే అది హద్దు కాదు.

మరమ్మతుకు కూడా ధర ఉంటుందని 2017 చెప్పింది. ఆ ఆగస్టులో అబ్బాట్ కంపెనీ పేస్‌మేకర్లకు, అనుమతి లేనివాళ్ల ఆదేశాలను తిప్పికొట్టే కొత్త ఫర్మ్‌వేర్‌ను ఎఫ్‌డీఏ ఆమోదించింది. అమెరికాలోనే సుమారు 4,65,000 మందికి వర్తించింది. ఆసుపత్రికి వెళ్లి మూడు నిమిషాలు కూర్చోవాలి. ఆ మూడు నిమిషాలూ పరికరం నిమిషానికి 67 చొప్పున అత్యవసర లయలో కొడుతుంది. అప్‌డేట్ వల్ల పరికరం పూర్తిగా ఆగిపోయే అవకాశం 0.003 శాతమని కంపెనీ తన పాత అనుభవం నుంచి చెప్పింది. అందరూ చేయించుకుంటే దాదాపు 14 మంది. ఎవరూ ఇప్పటిదాకా చేయని దాడి నుంచి కాపాడడానికి 14 మందిని అపాయంలో పెట్టాలా? కేవలం పేస్‌మేకర్ మీదే ఆధారపడి బతుకుతున్నవాళ్ల విషయంలో డాక్టర్లు తటపటాయించారు. ఆ తటపటాయింపు సబబే. తాళం మొదట్లోనే వేసి ఉంటే ఈ లెక్క వేయాల్సిన పనే ఉండేది కాదు.

ఇక మన సంగతి. మన దేశంలో మెడికల్ డివైసెస్ రూల్స్ 2017లో వచ్చాయి, 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. పరికరాల వల్ల జరిగిన అనర్థాలను నమోదు చేయడానికి ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ ద్వారా 2015 నుంచి మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం నడుస్తోంది. విశాఖపట్నం మెడ్‌టెక్ జోన్‌లో విద్యుదయస్కాంత పరీక్షలు చేసే ప్రయోగశాల ఉంది. చట్టమూ, ల్యాబూ ఉన్నాయి. ఆ రైతు బ్యాటరీ దానంతటది ఆగిపోయిన సంగతి మాత్రం ఏ ఫారంలోకీ ఎక్కలేదు. ఆన్ చేశారు, పంపించారు, అంతే. డాక్టరు తీరికలేనివాడు, టెక్నీషియన్ కంపెనీ మనిషి, కొడుక్కి అది రిపోర్టు చేయాల్సిన విషయమనే తెలియదు. మన ఇళ్లలో ఏ ఇన్వర్టరు, ఏ ఇండక్షన్ స్టవ్, ఏ డీజే బాక్సు ఏ పరికరాన్ని కదిలిస్తోందో చెప్పడానికి మన లెక్కలే కావాలి. వేరే దేశాల లెక్కలు చాలవు.

అందుకని నిధి కమిటీవారికి ఒక విన్నపం. ఏటా వడ్డీలో కొంత భాగంతో తెలుగులో ఒక కార్డు అచ్చేయించండి. కంపెనీలిచ్చే కార్డు ఇంగ్లీషులో ఉంటుంది, బీరువాలో ఉంటుంది. మన కార్డు జేబులో ఉండాలి. దాని మీద పరికరం రకం, మోడలు, అమర్చిన తేదీ. అయస్కాంతం పెడితే ఇది ఏం చేస్తుంది, తీశాక ఏం చేస్తుంది. డయాథెర్మీ వద్దు అని పెద్ద అక్షరాల్లో, ఫిజియోథెరపిస్టుకు కనపడేలా. అలిపిరి చెక్‌పోస్టు లాంటి చోట మెటల్ డిటెక్టరు గేటు గుండా ఆగకుండా నడిచి వెళ్లవచ్చని, చేతి డిటెక్టరును మాత్రం ఛాతీ మీద ఆపి ఉంచవద్దని, భద్రతా సిబ్బందికి చూపించే ఒక వాక్యం. ఏదైనా దానంతటది ఆగినా మొదలైనా ఎవరికి రాయాలో ఆ చిరునామా.

ఈ కార్డు పాఠం రాయడానికి విద్యార్థుల్లో ఎవరైనా ముందుకొస్తే, నా దగ్గరున్న పరికరాల మాన్యువళ్లన్నీ వచ్చే నెల తెచ్చి మీ లైబ్రరీలో పెడతాను. ఒక్కో మోడలుకూ అయస్కాంతానికి ఇచ్చే స్పందన వేరు. పేజీ పేజీ చూసి, ఆసుపత్రివాళ్లతో సరిచూసుకుని రాయాలి. తొందరపడి అచ్చుకివ్వొద్దు.